బయటి రాష్ట్రం మనిషి

బెల్లింగ్‌హామ్, వాషింగ్టన్ రాష్ట్రం
1993 జూన్ 27

అన్నయ్యకి,

రేవులో నువ్వు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. మారెన్ తల మీద చెయ్యి పెట్టావు, పెట్టెలు మోశావు, నా వైపు మాత్రం చూడలేదు. సరే. ఓడలో రెండు రోజులూ నీకు ఇవ్వాల్సిన జవాబులన్నీ సముద్రానికి చెప్పుకున్నాను. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను. ఫోన్ చేద్దామంటే నలభై ఏళ్ళు పడవలో డీజిల్ ఇంజను పక్కన పడుకున్న నీ చెవులకి ఏదీ ఎక్కదు. నేను అరవడం, నువ్వు "ఏంటీ?" అని అరవడం, ఊరికే బిల్లు పెరగడం.

మళ్ళీ చెప్తున్నాను, ఈసారైనా తలకెక్కించుకో. నీ మేనకోడలు మారెన్ చదువుతానంటున్నది వినికిడి తగ్గినవాళ్ళకి వైద్యం చేసే చదువు. ఎవర్ని చూసి ఆ బుద్ధి పుట్టిందో నీకు చెప్పక్కర్లేదు. ఆ చదువు మన అలాస్కాలో లేదు. ఈ ఊరి యూనివర్సిటీలో ఉంది. ఇక్కడ కాపురముండేవాళ్ళ పిల్లలకి ఒక ఫీజు, బయటి రాష్ట్రాల పిల్లలకి దానికి మూడింతలు. నా బోటి జీతగాళ్ళ పిల్లలకి ఈ రాష్ట్రం గ్రాంటు కూడా ఇస్తుంది, తిరిగి కట్టక్కర్లేదు. అదీ ఇక్కడివాళ్ళకే. మన రాష్ట్రం ఇచ్చేది అప్పు. మా ఆయన ఆస్మండ్ పోయాక నాకు మిగిలింది ఆ కాలవ గట్టు మీది ఇల్లు, చేపల్ని డబ్బాల్లోకి ఎక్కించే ఆ కానరీ ఆఫీసులో జీతం. ఆ రెంటితో మూడింతల ఫీజు కట్టాలంటే నేను చేపలకి మళ్ళీ ప్రాణం పోసి రెండోసారి అమ్మాలి.

ఇక్కడివాళ్ళం అనిపించుకోవాలంటే ఏడాది కాపురముండాలి. అందులో ఒక మెలిక. చదువు కోసమే వచ్చామంటే ఆ ఏడాది చెల్లదు. ఉండిపోవడానికి వచ్చామనాలి. అందుకే రెండేళ్ళు ముందుగా, మారెన్ హైస్కూల్లో ఉండగానే వచ్చేశాను. నువ్వేమో "పిల్ల చదువుకి తల్లి దేశం మారడమేంటి" అన్నావు. మారతాను. అవసరమైతే ఇంకోసారి మారతాను.

వృద్ధాశ్రమం వంటగదిలో పని దొరికింది. ఇల్లు చిన్నది, వాన మన వానకి చెల్లెలు.

కోపం పోయాక రాయి. పోకపోయినా రాయి.

నీ చెల్లెలు
రాగ్నా

*

పీటర్స్‌బర్గ్, అలాస్కా
1993 సెప్టెంబర్ 12

రాగ్నా,

సాల్మన్ చేపల సీజను అయిపోయింది, వలలు కొట్లోకి చేర్చాను, అందుకే ఇప్పుడు రాస్తున్నాను. ఈ ఏడు ధర గురించి అడక్కు. కుక్కకి వేసినా అదే ధర, కానరీకి వేసినా అదే ధర.

రేవులో మాట్లాడలేదని రాశావు. మాట్లాడితే ఏడ్చేవాణ్ణి. అక్కడ సగం ఊరుంది.

నా చెవులు బాగానే ఉన్నాయి. జనమే ఈమధ్య గొణుగుతున్నారు.

ఉండిపోవడానికి వచ్చామని అనాలన్నావు. అను. ఆఫీసువాళ్ళు ఏమనమంటే అదను. నాలుగేళ్ళో ఐదేళ్ళో చదువు అవగానే ఇంటికి రా. వారానికి రెండుసార్లు వెళ్ళి నీ ఇంట్లో పొయ్యి వెలిగిస్తున్నాను, గోడలకి చెమ్మ పట్టకుండా. నీ పడక మీద దుప్పటి కూడా మార్చాను. ఎందుకు మార్చానో తెలీదు, ఎవరూ పడుకోలేదు.

ఇంకో సంగతి. ఓడలో టికెట్లు చూసే ఎల్మర్ నిన్ను బెల్లింగ్‌హామ్ బజార్లో చూశాట్ట. ఎవరిదో ఎర్ర ట్రక్కులో ముందు సీట్లో కూచుని నవ్వుతున్నావట. నీ ఇష్టం, నాకెందుకు. చెప్పాడు కాబట్టి రాస్తున్నాను.

మారెన్‌కి రెండు సీసాల పొగబెట్టిన సాల్మన్ పంపాను. నీకు ఒకటి.

హాల్వర్

*

బెల్లింగ్‌హామ్
1993 నవంబర్ 20

అన్నయ్యకి,

ఎర్ర ట్రక్కు మనిషి మా ఇంటి ఓనరు, పేరు ప్రూయిట్. డెబ్భై నాలుగేళ్ళు. ఆరోజు నన్నూ ఒక పాత బట్టల బీరువానీ ఎక్కించుకొచ్చాడు. నవ్వింది నిజమే. దారి పొడుగునా తన మోకాలి ఆపరేషన్ కథ చెప్పాడు, మధ్యలో పాట కూడా పాడాడు. నీకు పెళ్ళి భోజనం ఆశ ఉంటే మానుకో. ఎల్మర్‌కి నా నమస్కారాలు చెప్పు, వాడి కళ్ళకి కూడా పరీక్ష అవసరమేమో అడుగు.

అన్నయ్యా, ఆ ఇల్లు అద్దెకిచ్చెయ్యి. వచ్చే ముందే మూడుసార్లు చెప్పాను. ఖాళీగా ఉంచి పొయ్యి వెలిగించడం దేనికి? ఆ అద్దె ఇక్కడ నా అద్దెకి సరిపోతుంది. పైగా వేరే రాష్ట్రంలో మన కోసం తయారుగా ఇల్లు ఎదురుచూస్తుంటే, నేను ఇక్కడి మనిషినంటే ఎవరు నమ్ముతారు?

కారు నంబరు పలక మార్చాను. లైసెన్సు మార్చాను. ఓటరుగా పేరు రాయించుకున్నాను. ఓటు సంగతి రాస్తే నీకు ఒళ్ళు మండుతుందని తెలుసు, అందుకే చివర్న రాశాను.

మారెన్ అంటోంది: "జనం గొణగడం లేదమ్మా, మామయ్య అబద్ధమాడుతున్నాడు."

రాగ్నా

*

పీటర్స్‌బర్గ్
1994 ఫిబ్రవరి 6

రాగ్నా,

ఓటు కూడానా. సరే.

ఇల్లు అద్దెకివ్వను. కానరీ ఫోర్‌మన్ కొత్తగా పెళ్ళాంతో దిగాడు, రెండుసార్లు వచ్చి అడిగాడు. ఇంటి కప్పుకి చిల్లు ఉందని చెప్పాను. చిల్లు లేదు. అమ్మ తెచ్చుకున్న కర్టెన్ల వెనక ఎవడో పరాయివాడు సిగరెట్ కాలుస్తుంటే నేను చూడలేను. నువ్వు వస్తావు, అప్పుడు నీ ఇంట్లో నువ్వు కాలవ చూసుకుంటూ కాఫీ తాగుతావు. అంతే.

జనవరి ఎప్పటిలాగే గడిచింది. చమురు వాటా కాగితాలు పట్టుకుని ఊరంతా నా వంటగదిలోకే. ఈ రాష్ట్రంలో కాపురముండేవాడికి చమురు డబ్బులో ఏటా వాటా ఇస్తారు కానీ, ఆ కాగితం నింపడం మాత్రం మనవాళ్ళకి చేతకాదు. ముసలి ఓలెన్ ఈసారి కూడా పుట్టిన తేదీ తప్పు చెప్పాడు, పోయినేటికంటే రెండేళ్ళు చిన్నవాడయ్యాడు. నేను ఆయనకి సాక్షి, ఆయన నాకు సాక్షి. కాఫీ రెండు కెటిళ్ళు అయిపోయింది. అందరివీ పూర్తి చేసి నేనే పోస్టులో వేసొచ్చాను.

పీతలు బాగా పడుతున్నాయి. పిల్ల పరీక్షలెలా రాసింది?

హాల్వర్

*

బెల్లింగ్‌హామ్
1994 అక్టోబర్ 30

అన్నయ్యకి,

ఈ ఏడంతా నువ్వు రాసినవి రెండు కార్డులు. వాటిలో ఒకటి చేప గురించి, రెండోది ఇంకో చేప గురించి.

మారెన్ శనివారాలు నాతో వృద్ధాశ్రమానికి వస్తోంది. తొంభై ఏళ్ళ మిసెస్ డాబ్స్‌కి పేపరు చదివి పెడుతుంది. ఆవిడ చెవిలో మిషను సరిగా పెట్టడం ఎలాగో నర్సులకే నేర్పింది. ఆవిడ చాన్నాళ్ళకి కిటికీ బయటి వాన చప్పుడు వినపడిందని ఏడ్చింది. నా కూతురు ఇంటికొచ్చి సూప్ తాగుతూ, "నేను ఇదే చేస్తానమ్మా, ఇంకేం చెయ్యను," అంది. ఆ పిల్ల పంతం నీ పంతం. కానీ అది పనికొచ్చే పంతం.

అప్లికేషను వేశాం. ఇక్కడివాళ్ళ ఫీజు, గ్రాంటు రెండూ వస్తే నా జీతంతో గట్టెక్కుతాం. ఏది తప్పినా లేదు. నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టనిది దీనికే, ప్రూయిట్ గారి మీద ప్రేమతో కాదు.

రాగ్నా

*

బెల్లింగ్‌హామ్
1995 ఏప్రిల్ 6

హాల్వర్ స్కార్ గారికి,

మారెన్‌కి సీటొచ్చింది. దాంతోపాటు ఫీజుల ఆఫీసు నుంచి ఇంకో కవరొచ్చింది. మేం వాషింగ్టన్ మనుషులం కాదట. బయటి రాష్ట్రం ఫీజు కట్టాలట. కాబట్టి గ్రాంటు కూడా లేదట.

ఆఫీసుకి వెళ్ళాను. అక్కడ కూచున్న అమ్మాయి మర్యాదగానే చెప్పింది. అలాస్కా నుంచి వచ్చినవాళ్ళ పేర్లు అక్కడి రాజధాని జూనోకి పంపి ఆరా తీస్తారట. పోయినేడు జనవరిలోనూ, ఈ ఏడు జనవరిలోనూ నేను నా కోసం, నా కూతురి కోసం చమురు వాటా అడిగానట. "ఇకముందు కూడా అలాస్కాలోనే ఉంటాను" అన్న చోట టిక్కు పెట్టానట. కింద సంతకం చేశానట. "అమ్మా, ఇల్లు అక్కడన్నారు, డబ్బు అక్కడ తీసుకున్నారు, ఇక్కడ మాత్రం తక్కువ ఫీజు కావాలంటారా?" అంది. ఆ పిల్ల ముందు నా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. ఆ వాటా డబ్బు నేను కళ్ళతో చూడలేదు.

ఆ సంతకం నకలు చూపించింది. నాది కాదు. కాగితం చిరిగేలా నొక్కి రాసేది మన ఇంట్లో ఒక్కరే.

మేం వెళ్ళడం నీకిష్టం లేదు. తెలుసు. ఇల్లు అద్దెకివ్వలేదు, అదీ అర్థం చేసుకున్నాను. కానీ నన్ను వెనక్కి లాక్కోవడానికి నా పిల్ల కాళ్ళు విరగ్గొడతావా? అది ఆ కవరు చదివి గదిలోకెళ్ళి తలుపేసుకుంది.

మీకు ఇప్పుడు సంతోషమా?

రాగ్నా స్కార్ ఎలియాసెన్

*

పీటర్స్‌బర్గ్
1995 ఏప్రిల్ 19

శ్రీమతి వాషింగ్టన్ గారికి,

గార్లు నాకూ రాయడం వచ్చు.

అవును, నేనే పెట్టాను సంతకం. ఆస్మండ్ పోయిన శీతాకాలం నువ్వు మంచం దిగకుండా పడున్నప్పుడు నీ కాగితం ఎవరు నింపారు? నీ పేరు ఎవరు రాశారు? అప్పట్నుంచీ ప్రతి జనవరీ ఎవరు రాస్తున్నారు? ఒక్కసారైనా ఇదేంటని అడిగావా? జనవరి వస్తుంది, టేబుల్ దగ్గర కూచుంటాను, నాది, నీది, మారెన్‌ది రాస్తాను. చెయ్యి దానంతటదే రాస్తుంది. ఊళ్ళో అడుగు, ఎవరి సంతకాలు ఎవరు పెడుతున్నారో.

డబ్బు నేను తిన్నాననుకుంటున్నావా? ప్రతి సెంటూ ఇక్కడి బ్యాంకులో మారెన్ పేరు మీద ఉంది. కాలేజీలో చేరే రోజు పాసుపుస్తకం చేతికిద్దామనుకున్నాను. నీకు చెప్పలేదు, ఎందుకంటే చెబితే వద్దంటావు. అంత దుర్మార్గుణ్ణి నేను.

"ఇకముందు కూడా అలాస్కాలోనే ఉంటాను" అన్న చోట టిక్కు పెట్టింది కూడా నేనే. అది నిజం కాబట్టి పెట్టాను. నువ్వు వస్తావు కాబట్టి పెట్టాను. మరి నువ్వు అక్కడ రాసిందేంటి? ఉండిపోవడానికి వచ్చామని రాశావు. వెళ్ళింది చదువు కోసం. గోడకి చెప్పినా నవ్వుతుంది. అబద్ధం రాసింది నువ్వు, నిజం రాసింది నేను, దొంగని నేనా?

కాళ్ళు విరగ్గొట్టానన్నావు. ఆ పిల్లకి నడక నేర్పింది నా పడవ డెక్కు మీద. ఆ మాట వెనక్కి తీసుకో.

హాల్వర్

*

బెల్లింగ్‌హామ్
1995 మే 3

అన్నయ్యా,

ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఒక్క ఆ మాటే.

నీ ఉత్తరం మారెన్‌కి చదివి వినిపించాను. "మామయ్య మంచికే చేశాడు, అదే ఇంకా ఘోరం," అంది. తర్వాత కాసేపు నవ్వింది, తర్వాత మళ్ళీ ఏడ్చింది. కావాలని చెయ్యలేదని నాకూ తెలిసింది. కావాలని చేసినవాణ్ణయితే తిట్టి ఊరుకునేదాన్ని. ఇప్పుడు ఏం చెయ్యను?

ఇప్పటి పరిస్థితి విను. నేను జూనోకి రాసి అడిగాను. మీరు వెళ్ళిపోయారు కాబట్టి ఆ రెండేళ్ళ వాటా తిప్పి కట్టండి, మీరు మా మనుషులు కారు, చదువు అప్పు కూడా మీకు రాదు అన్నారు. ఇక్కడివాళ్ళేమో మీరు ఇంకా రానేలేదంటున్నారు. రెంటికీ చెడ్డ రేవడి బతుకయింది మాది. యాభై రాష్ట్రాలున్న దేశంలో నా కూతురు ఏ రాష్ట్రం పిల్లో చెప్పేవాడు లేడు.

అప్పీలుంది. జూన్ 15న కమిటీ ముందు కూచోవాలి. ఆ ఇల్లు నా కోసం ఉంచుకోలేదని చూపాలి. ఆ సంతకాలు ఎవరు పెట్టారో వాళ్ళు స్వయంగా చెప్పాలి. నన్ను ఎరిగినవాళ్ళు ఎవరైనా, నా కాపురం ఎక్కడో రాసివ్వాలి. సంతకం నేనే పెట్టానని నువ్వు చెబితే నీ వాటా ఐదేళ్ళు ఆపేస్తారట. ఈ ధరల్లో నీ పడవ ఇంజను ఖర్చు ఆ డబ్బుతోనే గడుస్తోందని నాకు తెలుసు. అందుకని నిన్ను అడగను. నేనొక్కదాన్నే వెళ్ళి కూచుంటాను. వాళ్ళు కుర్చీతో సహా బయట పెట్టేదాకా కదలను. తాడో పేడో తేలిపోతుంది.

ఇంకొకటి. అబద్ధం రాసింది నేనేనన్నావు. ఆ మాట నన్ను పది రోజులు కాల్చింది. నిజమే, వచ్చినప్పుడు చదువు కోసమే వచ్చాను. ఉండిపోతానని నోటితో అన్నాను, మనసులో ఓడ టికెట్టు దాచుకున్నాను. కానీ ఇప్పుడు నువ్వు "చదువయ్యాక వస్తావు" అని రాస్తే, ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. అవును అని రాయబోయాను, చెయ్యి రాలేదు.

రాను అన్నయ్యా. నాకు ఇక్కడ బాగుంది. ఈ మాట కమిటీకంటే ముందు నీకు చెప్పాలి, అందుకే చెప్తున్నాను. ఎప్పుడు నిజమైందో నాకే తెలీదు. క్షమించమని మాత్రం అడగను.

రాగ్నా

*

పీటర్స్‌బర్గ్
1995 జూన్ 4

రాగ్నా,

నీ ఉత్తరం వచ్చి రెండు వారాలు దాటింది. మే పదిహేడున, మన తాతల దేశం పండగ రోజు వచ్చింది. ఊరంతా జెండాలు పట్టుకుని పాడుతుంటే నేను పోస్టాఫీసు మెట్ల మీద కూచుని చదివాను. పాస్టరు వచ్చి ఏదో అడిగాడు. చెవులు వినపడవన్నాను. మొదటిసారి ఆ మాట నా అంతట నేను ఒప్పుకున్నాను, అదీ ఆయన్ని వదిలించుకోవడానికి.

అడగనన్నావు. నువ్వు అడగకపోతే చెయ్యకుండా ఉండటానికి నేనేం నీ ఇంటి ఓనర్నా?

విమానం మీద జూనో వెళ్ళొచ్చాను. చమురు వాటా ఆఫీసులో చెప్పాల్సింది చెప్పాను. ఎదురుగా ఉన్న కుర్రాడు, "ఐదేళ్ళు పోతాయి, ఆలోచించుకోండి సార్," అన్నాడు. "ఆలోచించడం నా వంతు, రాసుకోవడం నీ వంతు. రాసుకో," అన్నాను. బ్యాంకులో ఉన్నదంతా తీసి వాళ్ళకే కట్టేశాను.

ఫోర్‌మన్‌కి ఇల్లు ఇచ్చేశాను. చిల్లు ఏదని అడిగాడు. పూడ్చానన్నాను. వాడి పెళ్ళాం కర్టెన్లు మార్చేసింది. పసుపు రంగువి. బాగోలేవు.

కమిటీకి రాసింది ఈ కవర్లోనే పెట్టాను. చదవకుండా ఇవ్వు. నువ్వు చదువుతావని తెలుసు.

హాల్వర్

*

కమిటీ వారికి,

నా పేరు హాల్వర్ స్కార్. చేపలు పడతాను. రాగ్నా ఎలియాసెన్ నా తోడబుట్టింది. మారెన్ నా మేనకోడలు.

1994, 1995 జనవరిల్లో వాళ్ళిద్దరి చమురు వాటా కాగితాలు నింపింది నేను. సంతకాలు పెట్టింది నేను. వాళ్ళకి చెప్పలేదు. డబ్బు వాళ్ళకి చేరలేదు. మా ఊళ్ళో ఒకరి కాగితం ఒకరు నింపడం అలవాటు. అది తప్పని ఇప్పుడు తెలిసింది. దానికి శిక్ష నేను పడుతున్నాను, అందులో మీకు పని లేదు.

ఇక అసలు సంగతి. మా చెల్లెలి కాపురం ఎక్కడని మీరు అడుగుతున్నారు. నాకంటే బాగా చెప్పగలిగినవాడు లేడు, ఎందుకంటే అది ఇక్కడే ఉండాలని నాకంటే ఎక్కువ కోరుకున్నవాడు లేడు. రెండేళ్ళు ఖాళీ ఇంట్లో పొయ్యి వెలిగించాను. అది రాలేదు. పండగలకి రాలేదు. మా అమ్మ వాడిన, క్రిస్మస్‌కి పలచటి అప్పాలు కాల్చే ఇనప పెనం ఒకటుంది. వెళ్ళేటప్పుడు దాన్ని తీసుకుపోయింది. తిరిగొచ్చే మనిషి ఆ పెనం మొయ్యదు, చాలా బరువు. మీ ఊరి చర్చిలో పాడుతోందట. ఇక్కడ ముప్ఫై ఏళ్ళు పాడమన్నా పాడలేదు.

మా చెల్లెలు ఇక్కడి మనిషి కాదు. ఇక్కడికి తిరిగి రాదు. ఆమె మీ మనిషి. ఇది రాయడానికి నాకు రెండు వారాలు పట్టింది. కాబట్టి ఇది అబద్ధం అనేవాడు ఎవడైనా ఉంటే, వచ్చి నా ముఖం మీద అనమనండి.

ఆ పిల్ల ఫీజు సరిచెయ్యండి.

హాల్వర్ స్కార్

*

బెల్లింగ్‌హామ్
1995 జూలై 2

అన్నయ్యా,

గెలిచాం.

ఇక్కడివాళ్ళ ఫీజే. గ్రాంటు కూడా వచ్చింది. నిన్న కాగితం అందింది. మారెన్ దాన్ని తలగడ కింద పెట్టుకుని పడుకుంది.

కమిటీలో ముగ్గురున్నారు. మధ్యలో కూచున్న పెద్దావిడ నన్ను సూటిగా అడిగింది. "మీ అమ్మాయి చదువు కోసమే వచ్చారు కదా, ఒప్పుకోండి," అంది. "దాని కోసమే వచ్చాను. నా కోసం ఉండిపోయాను. రెండూ నిజమే, మీకు ఏది పనికొస్తే అది రాసుకోండి," అన్నాను. పక్కన కూచున్న మారెన్ నా కాలు తొక్కింది. ఆవిడ ఆ మాట రాసుకుంది. తర్వాత నీ ఉత్తరం తీసి పైకి చదివింది. పెనం దగ్గర నవ్వొచ్చి ఆగింది. "ఆమె మీ మనిషి" దగ్గర నవ్వలేదు. "మీ అన్నగారు ఎప్పుడూ ఇలాగే రాస్తారా?" అంది. "మామూలుగా చేపల గురించి రాస్తాడండీ," అన్నాను.

నువ్వు చదవద్దన్నావు. ఓడరేవు బెంచీ మీద కూచుని చదివాను. నీ వైపు కోపంగా తిరిగి ఏదో అనాలనిపించింది, నువ్వు లేవు. మారెన్ నాలాగా కాదు, బాహాటంగా ఏడ్చింది. "ఇక్కడి మనిషి కాదని మామయ్య చేతే రాయించాం," అంటుంది. రాయించలేదు, తనే రాశాడన్నాను.

నీ ఇంజనుకి ఏం చేస్తావు? చెప్పవని తెలుసు. వచ్చే ఎండాకాలం సెలవుల్లో నీ పడవ మీద పనికి వస్తానంటోంది మారెన్. పుస్తకాల ఖర్చుకి. వద్దనకు. చెవులు పరీక్షించే సామాను కూడా తెస్తుందట. దానికీ వద్దనకు.

అమ్మ పెనంతో ఈ క్రిస్మస్‌కి అప్పాలు కాల్చి పంపిస్తాను. సగం విరిగిపోయి చేరతాయి. తిను.

రాగ్నా

*

పీటర్స్‌బర్గ్
1996 జూన్ 15

రాగ్నా,

నీ కూతురు చేరింది. నీకంటే రెండంగుళాలు పొడుగైంది, అది ఫొటోల్లో తెలీలేదు. ఓడ దిగుతూనే నా చెవిలోకి లైటు వేసి చూసింది, రేవులో, అందరి ముందూ. "మామయ్యా, నీ చెవుడులో సగం ఈ గట్టిపడిన గులిమే," అంది. మిగతా సగానికి వినికిడి నిజంగానే పోయిందట. మిషను పెట్టుకోవాలట. చూద్దాం అన్నాను. అంటే సరేనని, నీకు తెలుసు.

జనవరి సంగతి నువ్వు అడగలేదు, నేనే చెప్తాను. ఊరంతా కాగితాలు పట్టుకుని నా వంటగదికి వచ్చింది. కాఫీ పెట్టాను. ఎవరి సంతకం వాళ్ళే పెట్టాలని చెప్పాను. ముసలి ఓలెన్ మూడేళ్ళలో మొదటిసారి తన తేదీ సరిగ్గా చెప్పాడు. అందరూ వెళ్ళాక టేబుల్ మీద మూడు కాగితాలు మిగిలాయి. నాది, నీది, మారెన్‌ది. అలవాటు కొద్దీ పోస్టాఫీసు నుంచి ముగ్గురికీ తెచ్చాను. నాకు రాసుకునే హక్కు లేదు, మీకు రాసే హక్కు లేదు. మూడూ పొయ్యిలో వేశాను. ఆ రోజు బాగోలేదు. దాచను.

ఇంజను నడుస్తోంది. ఎలా అని అడక్కు.

ఇవాళ మారెన్‌ని తీసుకుని, మన ఊళ్ళో లైసెన్సులు కూడా ఇచ్చే ఇనప సామాన్ల కొట్టుకి వెళ్ళాను, పడవ మీద పనిచేసే లైసెన్సు తియ్యడానికి. ఆ లైసెన్సుకి ఇక్కడివాళ్ళకి ఒక రేటు, బయటివాళ్ళకి దానికి రెండింతల పైన. కౌంటర్లో టోరా ఉంది. మారెన్ బాప్తిస్మానికి ఎత్తుకుంది ఆవిడే. దాన్ని చూసి కౌగిలించుకుని, బుగ్గలు నలిపి, పుస్తకం తీసింది. పేరు రాసింది. తర్వాత నా వైపు వంగి గొంతు తగ్గించి ఏదో అంది.

"ఏంటీ?" అన్నాను.

మళ్ళీ అంది. మళ్ళీ వినపడలేదు. మారెన్ నవ్వాపుకుంటూ పైకప్పు చూస్తోంది. చివరికి టోరా విసిగిపోయి కొట్టు అదిరేలా, "ఇక్కడి పిల్లేనని రాసేస్తాను హాల్వర్, అంత రేటు నువ్వెందుకు కట్టాలి, ఎవడికి తెలుస్తుంది?" అంది.

మేకులు తూయించుకుంటున్నవాళ్ళు, తాళ్ళు కొంటున్నవాళ్ళు, పాస్టరు, అందరూ ఇటు తిరిగారు. ఎల్మర్ కూడా ఉన్నాడు.

"అలా రాయకు," అన్నాను. "బయటి రాష్ట్రం మనిషి అని రాయి."

"నా చేతుల్లో పెరిగిన పిల్లని బయటి మనిషని ఎలా రాయను?" అంది టోరా.

"పెన్నుతో రాయి," అన్నాను. "వాషింగ్టన్. వాళ్ళమ్మది వాషింగ్టన్, దీనిది వాషింగ్టన్. వాళ్ళకి అక్కడ ఇల్లుంది, ఓటుంది. ఇది అక్కడ చదువుతోంది. రేటెంతో చెప్పు."

"మామయ్యా, అంత అరవక్కర్లేదు," అంది మారెన్ నా చెయ్యి పట్టుకుని. "వీళ్ళందరికీ చెవులు బాగానే ఉన్నాయి."

"అందుకే అరుస్తున్నాను," అన్నాను.

టోరా రాసింది. బయటివాళ్ళ రేటు కట్టాను, నా జేబులోంచి. మారెన్ ఇవ్వబోతే తీసుకోలేదు. పడవ దగ్గరికి వచ్చాక ఆ కాగితాన్ని చుక్కాని పక్కన, లోపలికి వచ్చే ఎవడికైనా ముందు అదే కనపడేలా, నాలుగు మూలలా మేకులు కొట్టి బిగించాను.

బయటి రాష్ట్రం ఆవిడకి అన్నయ్య,
హాల్వర్